పెద్దకోడలికి నోరొచ్చింది

పెద్దకోడలు మానేసిందన్న కబురు చెప్పడానికి నిర్మాత స్వయంగా మేడెక్కి వచ్చాడు. ఆయన మేడెక్కాడంటేనే కొంప మునిగిందని ఆఫీసులో అందరికీ తెలుసు. మామూలు రోజుల్లో మోకాళ్ళ నొప్పులని మెట్ల కిందే నిలబడి కేకేస్తాడు.

"కుళాయి వెళ్ళిపోయింది," అన్నాడు కుర్చీలో కూలబడి.

మాటలక్క రాస్తున్న కాగితం మీంచి తలెత్తలేదు. "ఎక్కడికి?"

"వేరే ఛానెల్‌కి. అక్కడ డాక్టరు వేషమట. తెల్లకోటు వేసుకుని అటూ ఇటూ తిరగడమేనట. ఏడుపు లేదట."

అప్పుడు తలెత్తింది మాటలక్క.

కుళాయి అంటే ఆ సీరియల్లో పెద్దకోడలి వేషం కట్టే నటి. గ్లిజరిన్ ఒక్క చుక్క రాస్తే చాలు, డైరెక్టరు "ఎడమ కన్ను" అంటే ఎడమ కంట్లోంచి, "రెండూ" అంటే రెండు కళ్ళలోంచి ధారలు కట్టించేది. అందుకని యూనిట్ వాళ్ళు ముద్దుగా ఆ పేరు పెట్టుకున్నారు. మాటలక్క ఆ సీరియల్‌కి మాటలు రాస్తుంది. కథని నిర్మాతా ఛానెల్ వాళ్ళూ కలిసి వండుతారు కానీ, పాత్రల నోట్లోంచి వచ్చే ప్రతి ముక్కా ఆమెదే. పెద్దకోడలి నోట్లోంచి వచ్చే ముక్కలు మాత్రం బహు కొద్ది. "అత్తయ్యా", "వదినా", "నేను కాదు", "నా మాట వినండి". ఆ నాలుగు మాటలతోటీ, కుళాయి కళ్ళతోటీ తొమ్మిదేళ్ళు బండి లాక్కొచ్చారు. ఆ తొమ్మిదేళ్ళలో పెద్దకోడలు ఇంట్లోంచి గెంటించుకుంది, మతి పోగొట్టుకుంది, మళ్ళీ తెచ్చుకుంది, చేయని నేరానికి జైలుకెళ్ళింది. తిరిగొచ్చి అదే వంటింట్లో అదే గరిటె పట్టుకుంది. నోట్లో నాలుక లేని మనిషిగా ఏ వాకిట్లో అడుగుపెట్టిందో, ఆ మనిషిగానే ఉండిపోయింది.

"యాక్సిడెంటు పెడదాం," అన్నాడు నిర్మాత. "ముఖమంతా కట్టు. కట్టు విప్పేసరికి కొత్త ముఖం."

"మామగారికి అదే చేశాం కదండీ. కట్టు విప్పితే ముఖంతో పాటు పొడుగు కూడా మారింది. జానెడు పెరిగాడాయన. జనం పడీపడీ నవ్వారు."

"నవ్వినా చూశారా లేదా?"

"చూశారు."

"మరి?"

ఆ "మరి?"కి మాటలక్క దగ్గర ఏనాడూ జవాబు లేదు. ఆ ఉద్యోగంలో చేరిన రోజునుంచీ ఆయన వాదనలన్నీ ఆ ముక్క దగ్గరే ఆగేవి. ఆమె మాత్రం ఈసారి చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. కట్లొద్దు, మంటలొద్దు, కవల చెల్లెళ్ళు అసలే వద్దు, తెర కింద ఒక్క వాక్యం వేసి ఊరుకుందాం అంది. చివరికి ఆయన ఒప్పుకున్నది సబబనిపించి కాదు, ఆసుపత్రి సెట్టు అప్పటికే పీకేసి పెళ్ళిమంటపం కట్టేశారు కనక.

అలా ఒక సోమవారం నాడు, కొత్తమ్మాయి వంటింటి గుమ్మంలోంచి గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చింది. తెర కింద, "ఇకనుంచి పెద్దకోడలి పాత్రలో" అని ఒక వాక్యం పాకుకుంటూ పోయింది.

ఇంట్లో మాటలక్క అత్తగారు సోఫాలో నిటారుగా లేచి కూచుంది.

"ఎవరే ఈ పిల్ల? మన కోడలి చీర కట్టుకుని మనింట్లో తిరుగుతోంది?"

"కొత్త నటి అత్తయ్యా. కింద రాశారుగా."

"కింద రాస్తే సరా? రేపు నువ్వు మానేసి, ఇంకెవత్తినో తెచ్చి, 'ఇకనుంచి మీ కోడలు ఈవిడే' అని కింద రాస్తే నేనూరుకుంటానా?"

మాటలక్కకి ఒక్క క్షణం మనసు చల్లబడింది. మరుక్షణం ఆవిడే, "ఆలోచించాల్సిన విషయమేలే," అని మళ్ళీ టీవీ వైపు తిరిగింది. పక్క గదిలో మాటలక్క కొడుకు కిసుక్కున నవ్వడం వినిపించింది.

అసలు గొడవ ఆ వారమే మొదలైంది. కొత్తమ్మాయి నాటకాల్లోంచి వచ్చిన పిల్ల. మాట స్పష్టం, నడక స్పష్టం, చెప్పింది చెప్పినట్టు చేసేది. కానీ ఏడుపు రాదు. మొదటి రోజు గ్లిజరిన్ సీసా మూత తీయగానే రెండడుగులు వెనక్కి వేసింది.

"నా కళ్ళకి ఆపరేషన్ అయిందండీ. ఏదీ రాయకూడదన్నారు."

"ఈ మాట ముందే చెప్పొద్దూ?" అన్నాడు డైరెక్టరు.

"మీరు నడిచి చూపించమన్నారు, చదివి చూపించమన్నారు. ఏడవమని అడగలేదండీ."

నిజమే, ఎవరూ అడగలేదు. చేప కొంటూ ఈత వచ్చా అని ఎవరడుగుతారు?

"సరే, మందు లేకుండా ఏడువు. ఏదైనా బాధ తలుచుకో."

కొత్తమ్మాయి కళ్ళు మూసుకుని చాలాసేపు తలుచుకుంది. కళ్ళు తెరిచేసరికి ముక్కుపుటాలు అదురుతున్నాయి. కంట్లో తడి లేదు.

"నాకు బాధ తలుచుకుంటే కోపమొస్తోందండీ," అంది సిగ్గుపడుతూ.

ఆ రోజు తీయాల్సిన సీను పాతదే. అత్తగారి గొలుసు పోయింది. పెద్దకోడలే తీసిందని ఆడపడుచు హాలు నడిమధ్య నిలబెట్టి అడుగుతుంది. పెద్దకోడలు "నేను కాదు వదినా" అని, ఏడ్చుకుంటూ మెట్లెక్కి పైకి పరిగెడుతుంది. ఆ మెట్లు ఎక్కడికీ పోవు. పైన ఒక ప్లైవుడ్ చెక్కా, పాత ఫ్యానూ, దుమ్మూ. కుళాయి తొమ్మిదేళ్ళుగా ఏడ్చుకుంటూ వెళ్ళి ఆ ఫ్యాను పక్కన కూచుని, "కట్" అనగానే ముక్కు తుడుచుకుని దిగొచ్చేది. కొత్తమ్మాయి కూడా నాలుగైదుసార్లు పరిగెత్తింది. ప్రతిసారీ, ఏదో గ్యాసు కట్టేయడం మరిచిపోయి పరిగెత్తినట్టే ఉంది.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఆడపడుచు వేషం వేసే ఆవిడ ఒక కనుబొమ్మ పైకి లేపి అలాగే ఉంచి ఉంచి, నుదురు నొప్పెడుతోందని కూచుంది. ఆ విద్య వల్లే ఆవిణ్ణి అందరూ కనుబొమ్మ అంటారు. ఆఖరికి మాటలక్కని పైనుంచి పిలిపించారు.

"అక్కా, ఈ పిల్ల ఏడవదు. ఏడవకుండా ఉండేలా ఏదో ఒకటి రాసివ్వు. లైట్లన్నీ వెలుగుతున్నాయి."

"ఏడవకుండా ఏం చేస్తుంది? ఆ ఇంట్లో దానికి వేరే పనేముంది?" అంది మాటలక్క విసుగ్గా.

అప్పుడే కొత్తమ్మాయి దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది. "ఒకటి చెప్పండక్కా. బీరువా తాళంచెవులు ఎప్పుడూ వదిన నడుముకే ఉంటాయి కదా. మరి గొలుసు నేనెలా తీస్తాను?"

"తీయలేవు."

"ఆ మాట అనొచ్చుగా?"

"అంటే సీను అయిపోతుంది. ఈ ఇంట్లో ఒక్కరు ఒక్క సూటి ప్రశ్న అడిగుంటే ఈ సీరియల్ మూడో వారంలోనే మూతపడేది. నోర్మూసుకుని ఏడవబట్టే మనందరికీ పొయ్యి వెలుగుతోంది."

అనేసింది గానీ, మాటలక్కకి ఆకలిగా ఉంది, మధ్యాహ్నం దాటిపోయింది, మెడ పట్టేసింది. ఎవరిమీదో తెలియని కోపంతో అట్టముక్క మీద కాగితం పెట్టి, నిలబడే రెండు వాక్యాలు గీకిచ్చింది. ఇది తీసి తగలడండి, నన్నొదిలేయండి అంది.

కొత్తమ్మాయి మెట్లవైపు పోలేదు. ఉన్నచోటే నిలబడి, గొంతు పెంచకుండా, తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. "బీరువా తాళంచెవులు మీ నడుముకే ఉన్నాయి కదా వదినా. మరి నేనెలా తీశానో మీరే చెప్పండి."

కనుబొమ్మకి జవాబు రాసివ్వలేదు. ఆవిడ నిజంగానే నడుం తడుముకుంది. లేచిన కనుబొమ్మ దానంతటదే దిగిపోయింది. కెమెరా వెనక ఎవరో "అమ్మదీనెమ్మ" అని పైకే అనేశాడు.

ఆ ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం మాటలక్క ఇంటికి ఆలస్యంగా చేరింది. అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది.

"అడిగిందే!"

"ఎవరత్తయ్యా?"

"ఆ పిల్ల! తాళాల సంగతి అడిగేసింది! నేను ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను, తాళాలు ఆ ఆడపడుచు దగ్గరే ఉన్నాయిరా అని? ఈ ఇంట్లో నా మాట ఎవరు విన్నారు?"

ఆ రాత్రి ఆవిడ కొత్తమ్మాయిని "ఈ పిల్ల" అనడం మాని "మన పిల్ల" అంది.

మాటలక్కకి రాయడంలో రుచి తగిలింది. పెద్దకోడలు ఇప్పుడు అడుగుతోంది. "ఆ ఫోన్ ఎవరు చేశారో నంబరు చూద్దామా?" అంటోంది. "ఆ మాట నాతో కాదు, ఆయన ముందర అనండి" అంటోంది. ఓసారి మామగారితో, "నేను తప్పు చేయలేదని మీకు తెలుసు. తెలిసీ పేపరు చదువుకుంటున్నారు," అంది. జానెడు పెరిగిన ఆ మామగారు పేపరు దించడానికి చాలాసేపు పట్టింది. చాలా ఏళ్ళ తర్వాత మాటలక్క షూటింగు చూడటానికి తనంతట తాను మేడ దిగి వెళ్ళింది.

నిర్మాతకి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. మళ్ళీ మేడెక్కాడు.

"ఒక్క ప్రశ్నతో నెల కథ నమిలేస్తోందమ్మా నీ పెద్దకోడలు. పొద్దున కష్టం పెడితే సాయంత్రానికి తీర్చేసుకుంటోంది. ఇలా అయితే నేనెక్కణ్ణుంచి తేవాలి కష్టాలు?"

"ఛానెల్ వాళ్ళేమంటున్నారు?"

"బాగుందంటున్నారు. పాత్ర ఎదుగుతోందంటున్నారు. అయితే ఎదగాలట కానీ మారకూడదట."

"అంటే ఏమిటండీ?"

"నాకేం తెలుసు? నన్నడుగుతావేం? వాళ్ళు చెప్పారు, నేను తలూపాను, నీకు చెబుతున్నాను."

ఇలా రోజులు గడుస్తుండగా గోరుచుట్టు మీద రోకలిపోటులా రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. డాక్టరు సీరియల్ ఎవరూ చూడక మూతపడి, కుళాయి తిరిగొస్తానంది. ఇక్కడ కనుబొమ్మ మానేస్తానంది. "ఇన్నేళ్ళు ఈ ఇంటిని గడగడలాడించినదాన్ని. రోజూ నోరెళ్ళబెట్టి నిలబడటానికి నాకేం ఖర్మ?" అని నిర్మాత ముఖం మీదే అని వెళ్ళిపోయింది.

నిర్మాత ముఖం వెలిగిపోతూ వచ్చాడు. అదే మాటలక్కని భయపెట్టింది.

"రెండు సమస్యలకీ ఒకటే మందు. పాత ముఖం చూస్తే జనానికి ప్రాణం లేచొస్తుంది కనక పెద్దకోడలుగా కుళాయి. కొత్తమ్మాయికి ఒప్పందం ఇంకా మిగిలుంది, ఊరికే కూచోబెట్టలేం. దాన్ని ఆడపడుచు చేసేద్దాం."

మాటలక్క కలం కింద పెట్టింది. "నిన్నటిదాకా పెద్దకోడలుగా ఉన్న మనిషిని రేపట్నించి ఆ పెద్దకోడల్ని సాధించే ఆడపడుచుగా చూపిస్తారా?"

"అవును."

"అదే ముఖంతో?"

"ఉన్నది ఒక్కటే ముఖం కదమ్మా దానికి. కొప్పు మారుద్దాం."

"జనానికి మతి పోతుందండీ!"

"పోయినా చూస్తారా లేదా?"

ఆమె మళ్ళీ కలం తీసుకుంది.

"మరి?" అని ఆయన మెట్లు దిగిపోయాడు.

కుళాయి వచ్చిన రోజున యూనిట్ అంతా చుట్టూ మూగింది. అందరినీ పలకరించి, కాగితాలు తీసుకుని మేకప్ గదిలోకి వెళ్ళింది. కాసేపటికి ఆ కాగితాలు చేత్తో పట్టుకునే మాటలక్క గదికి వచ్చి తలుపు వేసింది.

"ఇవి నావేనా అక్కా?"

"నీవే. ఏం?"

"'ఆ మాట ఆయన ముందర అనండి.' 'తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?' ఇవన్నీ నేనా అనేది?"

"నువ్వే. ఇప్పుడు పెద్దకోడలు అలా మాట్లాడుతోంది."

కుళాయి కాగితాలు బల్లమీద విసిరికొట్టింది. "తొమ్మిదేళ్ళు, అక్కా! తొమ్మిదేళ్ళు నాచేత 'నేను కాదు వదినా' అనిపించావు. నేను గడప దాటానో లేదో దానికి నోరిచ్చావా?"

"నువ్వెప్పుడైనా అడిగావా?" మాటలక్కకీ మండింది.

"అది అడిగిందా?"

"దానికి కళ్ళు బాగోక ఇచ్చాను. ఏడవలేక."

"ఓహో. నా కళ్ళు బాగుండటం నా తప్పన్నమాట."

రోజుకి ఇన్నేసి పేజీల మాటలు రాసే మనిషికి ఒక్క ముక్క తోచలేదు. నువ్వు ఏడిస్తే జనం చూశారు, జనం చూస్తే మళ్ళీ ఏడిపించమన్నారు, నేను రాశాను. అంతకు మించి చెప్పడానికి ఏముంది?

"అసలు నేనెందుకు వెళ్ళాననుకున్నావు?" అంది కుళాయి, గొంతు దించి. "తెల్లకోటు మోజా? మా ఇంట్లో నేను నిజంగా ఏడిస్తే మా అమ్మాయి నమ్మదక్కా. ఓ రోజు బాత్రూంలో కూచుని ఏడుస్తుంటే తలుపు కొట్టి, 'షాటుకి ప్రాక్టీసా అమ్మా?' అంది. అదేం వెటకారం కాదు. మామూలుగా అడిగింది."

చెబుతుంటే ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె వాటిని పట్టించుకోలేదు. మాటలక్క తన కొంగు అందించబోయి, మరీ సీరియల్లో లాగా ఉంటుందని ఆగిపోయింది. మేజా సొరుగు లాగి రుమాలు వెతికి ఇచ్చింది.

"సీను బాగుందా, బాగాలేదా? అది చెప్పు," అంది చివరికి.

"బాగుంది కాబట్టే కదా ఏడుపు," అని ముక్కు చీదుకుని, కాగితాలు ఏరుకుని వెళ్ళింది కుళాయి.

మర్నాడు తీసిన సీనులో కొప్పు మార్చుకున్న కొత్తమ్మాయి హాలు నడుమ నిలబడి, వంటింటి లెక్క తేల్చమని పెద్దకోడల్ని గద్దించింది. కుళాయి మెట్లవైపు పోబోయి, పాత అలవాటుని ఆపుకుని, వెనక్కి తిరిగి అడిగింది. "ఈ ఇంట్లో ప్రతిసారీ నన్నే ఎందుకు అడుగుతారు వదినా? నేను జవాబు చెప్పనని ధైర్యమా?" గొంతు వణకలేదు. కానీ రెండు కళ్ళలోంచీ ధారలు కడుతున్నాయి. గ్లిజరిన్ సీసా మూత కూడా తీయలేదెవరూ.

"కట్! మేడమ్, ఇప్పుడు ఏడవకూడదండీ. పెద్దకోడలు మారింది."

"నేను ఏడవట్లేదయ్యా. అవి వాటంతటవే వస్తున్నాయి. నన్నేం చేయమంటావు?"

రెండోసారి తీశారు. మళ్ళీ వచ్చాయి. మూడోసారి కుళాయికే చిర్రెత్తుకొచ్చి, కళ్ళు కారుతుండగానే ఆ ప్రశ్న నిప్పులా అడిగేసింది. కొత్తమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది, ఎవరూ వేయమనకుండానే.

"ఇదే ఉంచండి," అంది మాటలక్క.

"ఎదిగినట్టా, ఎదగనట్టా అక్కా ఇది? ఛానెల్ వాళ్ళకి ఏం చెప్పను?" అన్నాడు డైరెక్టరు దీనంగా.

"ఏడుస్తూ కూడా మాట్లాడగలరు ఆడవాళ్ళు అని చెప్పు. వాళ్ళింట్లో చూడలేదా ఎప్పుడూ?"

అది ప్రసారమయ్యే సాయంత్రం మాటలక్క కావాలనే ఇంట్లో ఉంది. అత్తగారు మొదట గందరగోళపడింది. "ఇది మన పాత పిల్ల కదూ? మరి ఆ కొప్పావిడ మన పిల్ల కాదూ? నిన్న కోడలు, ఇవాళ ఆడపడుచా?" అని టీవీ మీద చిందులు తొక్కింది. తర్వాత సోఫా అంచుకి జరిగి చూసింది.

"అయినా ఏ కోడలు ఏదో ఇంటికి ఆడపడుచు కాదు గనక," అంది తనలో తనే. "మా వదినని సాధించడంలో నేను మాత్రం తక్కువ తిన్నానా?"

మాటలక్క ఆవిడ వైపు ఆశ్చర్యంగా చూసింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆ వదినగారి ప్రస్తావన ఆవిడ నోట వినడం అదే మొదలు. అడుగుదామనుకునేలోగా, "ప్రకటనలొచ్చాయి, మంచినీళ్ళు పట్రా," అంది అత్తగారు.

రేటింగు పడలేదు, అలాగని ఎగరనూ లేదు. నిర్మాత మేడెక్కలేదు కాబట్టి అంతా బాగానే ఉందని మాటలక్క ఊపిరి పీల్చుకుంది. ఆ వారాంతానికి రావలసిన సీన్లు రాయడానికి కూచునే సరికి తలుపు చప్పుడైంది. కొత్తమ్మాయి. ఆడపడుచు కొప్పుతోనే ఉంది.

"అక్కా, ఖాళీయేనా?"

"ఖాళీ లేదు. ఏమిటి?"

"అది కాదక్కా. కుళాయక్క అడిగినప్పుడల్లా నా దగ్గర జవాబు లేదని రాస్తున్నారు. నేను వట్టినే నిలబడుతున్నాను. ఎందుకుండదు? ఇన్నేళ్ళుగా తమ్ముడి పెళ్ళాన్ని ఇలా సాధిస్తున్నానంటే నాకూ ఏదో ఉండి ఉండాలిగా. అసలు నేను పుట్టింట్లోనే ఎందుకున్నాను? నా మొగుడేడి?"

మాటలక్క కుర్చీలో వెనక్కి వాలిపోయింది. తొమ్మిదేళ్ళు. ఆ ఆడపడుచు మొగుడెక్కడని ఒక్కళ్ళూ, నిర్మాత గాని, ఛానెల్ గాని, అన్నీ పట్టి చూసే అత్తగారు గాని, తను గాని అడగలేదు.

"నీకు ఎంత తలుచుకున్నా ఏడుపు రాదు, ప్రశ్నలు మాత్రం బాగా వస్తాయి," అంది పళ్ళు నూరుతూ. "నన్ను బతకనివ్వరు కదా మీరు. ఒకర్ని నిలబెడితే ఇంకొకరు."

"మరి రాస్తారా?"

"ముందు వెళ్ళి రెండు టీలు చెప్పు. చెప్పి వచ్చి కూచో. మొగుడు పోయాడా, వదిలేశాడా, నువ్వే వదిలేశావా? నీకేమనిపిస్తోంది?"

కొత్తమ్మాయి గుమ్మం దగ్గరే ఆగి ఆలోచించింది. "నేనే వదిలేసి ఉంటానక్కా. కానీ ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండను."

మాటలక్క విసుక్కుంటూనే కొత్త కాగితం తీసింది.